కారు డ్యాష్‌బోర్డు లైట్లు, బటన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వీసుకు వచ్చేవాళ్ల దగ్గర మా షెడ్డులో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "ఏదో లైటు వెలుగుతోందండీ, బండి మాత్రం బాగానే నడుస్తోంది." ఖర్చు వందల్లో తేలుతుందా, లక్ష దాటుతుందా అన్నది ఆ "ఏదో లైటు" ఏమిటన్న దాని మీదే ఉంటుంది. కింది జవాబులు పెట్రోల్, డీజిల్ కార్ల గురించి. ఏ బటన్ ఎక్కడుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. అలాంటి చోట గ్లవ్ బాక్సులో కవరు కూడా విప్పకుండా పడి ఉండే ఓనర్ మాన్యువల్‌దే ఆఖరి మాట.

ఇన్ని గుర్తులు మాకు గుర్తుండవు. తేలిగ్గా తెలుసుకునే దారి ఉందా?

రంగు చూడండి చాలు. ఎర్ర లైటు వెలిగితే బండి పక్కకు తీసి ఆపాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి. నారింజ, పసుపు రంగుల్లో వెలిగితే బండి నడుస్తుంది గానీ త్వరలో చూపించాలి. ఆకుపచ్చ, నీలం ఉత్త సమాచారం: ఇండికేటర్ పడింది, హెడ్‌లైట్ వేసి ఉంది, హై బీమ్‌లో ఉంది అని చెప్పడానికి. సీటు బెల్టు, డోరు, హ్యాండ్ బ్రేక్ లైట్లు కూడా ఎరుపే కానీ వాటిని మీరే సరిచేసుకోవచ్చు. బ్యాటరీ, బ్రేక్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల విషయంలో ఏం చేయాలో కింద విడిగా చెప్పాను.

గుర్తులు చాలావరకు అన్ని కంపెనీలవీ ఒకటే. ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది కాబట్టి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో నేర్చుకున్నది పెద్ద ఎస్‌యూవీలోనూ పనికొస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడ కారు నడిపేవాళ్లు మాత్రం రెండు తేడాలు గమనించుకోవాలి: అక్కడ బ్రేక్ హెచ్చరిక చాలా కార్లలో బొమ్మగా కాకుండా అక్షరాల్లో కనిపిస్తుంది, స్పీడోమీటర్‌లో పెద్ద అంకెలు మైళ్లవి.

కీ ఆన్ చేయగానే లైట్లన్నీ వెలిగి ఆరిపోతున్నాయి. ఫాల్టేమైనా ఉందా?

ఏ ఫాల్టూ లేదు. బండి తనను తాను పరీక్షించుకుంటోంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైట్లు కొన్ని సెకన్లలో ఆరిపోతాయి. ఆయిల్, బ్యాటరీ, ఇంజిన్ లైట్లు ఇంజిన్ స్టార్ట్ అయ్యేదాకా వెలిగే ఉంటాయి. అనుమానించాల్సింది అసలు వెలగని లైటును. కీ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు రానేలేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో కావాలనే తీసేసి ఉండాలి.

పాత దీపం బుడ్డిలా ఉండే ఎర్ర లైటు, చివర చుక్క కారుతున్నట్టు. ఊరు దగ్గరే ఉంటే వెళ్లిపోవచ్చా?

వెళ్లకూడదు. డ్యాష్‌బోర్డు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన లైటు ఇదే. అది ఆయిల్ ప్రెషర్ లైటు. ఇంజిన్ లోపల వేగంగా తిరిగే భాగాల మధ్య ఆయిల్ పొర ఒకటి ఉంటుంది, పంపు ప్రెషర్‌తో తోస్తేనే అది నిలుస్తుంది. ప్రెషర్ పడిపోయిందంటే ఇనుముకు ఇనుము ఆనుతుంది. బేరింగులు పట్టేయడానికి ఎంతో సేపు పట్టదు.

మా దగ్గరికి టోయింగ్ మీద వచ్చిన ఒక బండి సంగతి చెబుతాను. ఊళ్లో ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ గీరుకుంది. పగులు గోటి అంత కూడా లేదు. ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతూ హైవే ఎక్కేసరికి లైటు వెలిగింది. ఓనరు పక్కన ఆపకుండా "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని లాగించారు. చాంబర్ ఒక్కటే మారిస్తే సరిపోయే పనికి క్రాంక్ షాఫ్ట్ దాకా విప్పాల్సి వచ్చింది.

లైటు వెలగగానే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. చదునైన చోట పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) బయటకు లాగి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ కింది గీతకు, పై గీతకు మధ్యలో ఉండాలి. తక్కువుంటే మీ బండికి చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, కింద కారడం లేదని చూసుకుని స్టార్ట్ చేయవచ్చు. ఆయిల్ సరిగ్గానే ఉండి కూడా లైటు ఆరకపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, టోయింగ్ పిలవండి. మలుపు తిరిగినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఒక్క క్షణం వెలిగి ఆరుతుంటే చాలావరకు ఆయిల్ తగ్గిందనే అర్థం. ఆ రోజే చూసుకోండి.

నీళ్లలో థర్మామీటర్ లాంటి గుర్తు ఒక్కోసారి నీలంగా, ఒక్కోసారి ఎర్రగా వస్తోంది. ఎందుకు?

టెంపరేచర్ ముల్లు లేని కార్లలో దాని బదులు ఈ లైటు పెడతారు. పొద్దున్నే నీలం వస్తే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని. రెండు మూడు కిలోమీటర్లలో పోతుంది, అప్పటిదాకా గట్టిగా రేస్ చేయకుండా నడపండి.

ఎరుపు వస్తే ఇంజిన్ వేడెక్కిపోయింది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారిపోవడం, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోవడం, థర్మోస్టాట్ పట్టేయడం, వాటర్ పంపు పాడవడం మామూలుగా దొరికే కారణాలు. మే నెలలో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో శ్రీశైలం ఘాట్ ఎక్కే బండ్లకు ఇది ఎక్కువ. ముందు ఏసీ ఆపండి. వెంటనే ఆపే చోటు లేకపోతే హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఎండాకాలంలో హీటరేంటని నవ్వుతారు గానీ, హీటర్‌కు వేడి వచ్చేది ఇంజిన్ కూలెంట్ నుంచే కాబట్టి అంత వేడి బయటికి లాగేసినట్టే. చోటు దొరకగానే ఇంజిన్ ఆపేయండి.

రేడియేటర్ మూత మాత్రం వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగండి. అత్యవసరమైతే మామూలు మంచినీళ్లు పోసి షెడ్డు దాకా రావచ్చు, తర్వాత కూలెంట్ మార్పించండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడం ఇప్పటికీ చూస్తుంటాం. లోహం పగుళ్లివ్వడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

బ్యాటరీ లైటు నడుస్తుండగా వెలిగింది. బ్యాటరీ మార్చాలా?

తొందరపడి కొనకండి. నడుస్తున్నప్పుడు వెలిగితే ఎక్కువగా దోషం బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో, దాని బెల్టుదో. బండి ఇప్పుడు బ్యాటరీలో మిగిలిన కరెంటు మీదే నడుస్తోంది. ఏసీ, మ్యూజిక్, ఫోన్ చార్జింగ్ ఆపేసి, ఇంజిన్ ఆపకుండా దగ్గర్లోని షెడ్డుకు వెళ్లండి. ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. అదే సమయంలో టెంపరేచర్ కూడా పెరుగుతుంటే బెల్టు తెగి వాటర్ పంపు కూడా ఆగిందేమో. అప్పుడు మాత్రం ఆపేయాలి.

ఒకేసారి ఏబీఎస్, స్టీరింగ్, ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ దీపావళిలా వెలిగాయి. బండి పని అయిపోయినట్టేనా?

టెన్షన్ పడకండి. ఇన్ని భాగాలు ఒకేసారి పాడవడం అరుదు. ఎక్కువసార్లు కారణం బలహీనపడిన బ్యాటరీ, లేదా వదులైన బ్యాటరీ టెర్మినల్. వోల్టేజీ పడిపోతే కంప్యూటర్లన్నీ ఒక్కసారే ఫిర్యాదు చేస్తాయి.

ఇంకో అనుమానితుడు ఎలుక. వానాకాలంలో వారం రోజులు బండి తీయకుండా ఉంచితే బానెట్ కింద వెచ్చగా ఉంటుందని చేరి వైర్లు కొరికేస్తుంది. బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ చుట్టూ కొబ్బరిపీచు, పాలిథిన్ ముక్కలు, నల్లటి రెట్టలు కనిపిస్తే స్కానర్ పెట్టకముందే సగం జవాబు దొరికినట్టు.

ఎర్ర వలయంలో ఆశ్చర్యార్థకం. హ్యాండ్ బ్రేక్ దించే ఉంది కదా?

ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో ఇంకోసారి చూడండి, ఒక్క మెట్టు పైన ఆగినా లైటు వస్తుంది. అది కాకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గింది. పెడల్ మెత్తగా లోపలికి వెళ్తుంటే బండి కదిలించొద్దు. పెడల్ గట్టిగానే ఉంటే నెమ్మదిగా షెడ్డుకు రావచ్చు.

చాలామంది డబ్బాలో ఆయిల్ నింపి లైటు ఆర్పేసుకుంటారు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం దానంతటదే కిందికి దిగుతుంది. ప్యాడ్లు చూడకుండా నింపితే అరుగుదలను దాచిపెట్టినట్టే అవుతుంది.

ఏబీఎస్ లైటు ఒక్కటే పసుపుగా ఉంది. బ్రేకులు పడతాయా?

పడతాయి. మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని జారే ప్రమాదం మాత్రం తిరిగొస్తుంది. చక్రం దగ్గర స్పీడు సెన్సరు మీద బురద పేరుకోవడం సాధారణ కారణం. పొలం దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు తారు రోడ్డు మీద వదిలే బురద ఇందుకు చాలు. పసుపు ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే సంగతి పెద్దది, బండి ఆపేయండి.

గట్టి బ్రేకులో పెడల్ పాదం కింద గడగడా కొట్టుకుంటే అది ఏబీఎస్ పని చేస్తున్న శబ్దం. భయపడి కాలు తీయకండి, అదిమే ఉంచి స్టీరింగ్ తిప్పండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి నెల అయింది, తేడా ఏం లేదు. అలాగే వదిలేయొచ్చా?

స్థిరంగా వెలుగుతుందా, మినుకుమినుకుమంటోందా అన్నది ముందు చూడండి. స్థిరంగా ఉంటే పొగకు, సెన్సర్లకు సంబంధించిన ఏదో సమస్య. కొన్ని రోజుల్లో చూపించండి. మినుకుమంటూ బండి కుదుపులిస్తే ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగా మండటం లేదు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి అక్కడ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఆ భాగం ధర విన్నాక నెల రోజులు వదిలేసేవాళ్లెవరూ ఉండరు. వేగం తగ్గించి నెమ్మదిగా, వీలైతే టోయింగ్ మీద రండి.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే చోటు) ఉంటుంది, దానికి స్కానర్ పెడితే లోపం కోడ్ చదువుతుంది. పీ0300 అంటే మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగా మండకపోవడం), పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గిందని. కోడ్ ఒక భాగం పేరు చెప్పినంత మాత్రాన ఆ భాగమే మార్చాలని లేదు, దానికి వెళ్లే వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. ఇంట్లో చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టుకునేవాళ్లకు ఒక మనవి: కోడ్ చెరిపేసి బండి తీసుకురాకండి. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి ఎంతున్నాయో అందులో రాసి ఉంటుంది. కోడ్‌తో పాటు అదీ పోతుంది.

డీజిల్ కారులో స్ప్రింగు లాంటి పసుపు లైటు?

గ్లో ప్లగ్ వేడెక్కుతోంది. ఆరాక సెల్ఫ్ కొట్టండి.

డీజిల్‌లోనే ఇంకోటి, డబ్బాలో చుక్కలు ఉన్నట్టు వచ్చింది. ఆపాలా?

చిన్న డబ్బాలో చుక్కలున్న బొమ్మ డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్‌ది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ తప్పనిసరిలా మారింది. పట్టిన మసిని అది వేడికి కాల్చేసుకోవాలి. రోజూ రెండు కిలోమీటర్ల ఆఫీసుకే తిరిగే బండికి ఆ వేడి రాదు. లైటు వెలిగిన తొలి రోజుల్లోనే హైవే ఎక్కి, గంటకు 60 దాటి, ఒకే వేగంలో పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. పట్టించుకోకపోతే బండి లాగడం తగ్గి, చివరికి ఫిల్టర్ శుభ్రం చేయించాలి లేదా మార్చాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్టుకు తిరగడానికే కారు కావాలంటే డీజిల్ కొనొద్దని నేను చెప్పేది అందుకే.

ముందు సీట్లో బ్యాగు పెడితే సీటు బెల్టు అలారం మోగుతోంది. క్లిప్ కొని పెట్టుకోవచ్చా?

సీటు కింద బరువు పసిగట్టే సెన్సరు ఉంటుంది, దానికి బ్యాగూ మనిషీ ఒకటే. బ్యాగును వెనక సీటు కింద కాళ్ల దగ్గర పెట్టండి. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు అలారం, స్పీడు హెచ్చరిక, రివర్స్ పార్కింగ్ సెన్సరు తప్పనిసరి చేశారు. అలారం నోరు మూయించే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సంస్థల మీద 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ చర్య తీసుకుని వాటిని తీయించింది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ముందుకు దూకే మనిషిని అది ఎదురొచ్చి గుద్దుతుంది, దెబ్బ ఇంకా ఎక్కువ. వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర చనిపోయింది వెనక సీటులో బెల్టు లేకుండానే.

80 దాటగానే కారు మోగుతోంది. ఆఫ్ చేయొచ్చా?

పైన చెప్పిన స్పీడు హెచ్చరిక అదే. 80 దాటితే ఆగి ఆగి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఆఫ్ చేసే బటన్ ఇవ్వరు. విసుగ్గా ఉంటుందని ఒప్పుకుంటాను.

ఎయిర్‌బ్యాగ్ లైటు ఆగకుండా వెలుగుతోంది. నడపొచ్చా?

నడుస్తుంది, ప్రమాదం జరిగితే మాత్రం బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. సీటు వెనక్కి ముందుకీ జరిపినప్పుడు అవి కదిలి లైటు వెలిగే సందర్భాలు ఉన్నాయి. మీరు విప్పొద్దు, షెడ్డులో చూపించండి. సైడు ఎయిర్‌బ్యాగ్‌లు సీటు అంచులోనే ఉండే కార్లకు మందపాటి లెదర్ కవర్లు కుట్టిస్తే బ్యాగ్ బయటికి రావడానికి దారి ఉండదు. కవరు వేయించాలంటే పక్క కుట్టు విడిపోయేలా తయారైనదే అడగండి. ముందు బంపర్‌కు ఇనుప గార్డు బిగించినా ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు దెబ్బను సరిగా పసిగట్టలేవు. అలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది.

టైరు గుర్తులో ఆశ్చర్యార్థకం వచ్చింది, గాలి చూస్తే బాగానే ఉంది?

కంటితో చూసి చెప్పలేం. డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరులో రాసినంత ప్రెషర్ ఉందో లేదో పొద్దున్నే, బండి కదలకముందు చూపించండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే టైరు ప్రెషర్ ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, కాబట్టి చలికాలం తెల్లవారుజామున అరకు వైపు వెళ్లేవాళ్లకు లైటు రావడం మామూలే. స్టార్ట్ చేయగానే దాదాపు ఒక నిమిషం మినుకుమని తర్వాత స్థిరంగా ఉండిపోతే గాలిది తప్పు కాదు, సెన్సరుది.

జారుతున్న కారు గుర్తు మినుకుమంటోంది?

చక్రం జారుతున్నప్పుడు ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) పట్టుకుంటోందని అర్థం, అది మంచిదే. స్థిరంగా వెలిగితే ఎవరో ఈఎస్‌సీ ఆఫ్ బటన్ నొక్కారు, లేదా లోపం. ఆ బటన్‌తో పనిపడేది ఒక్క సందర్భంలోనే: పొలం గట్టు పక్కన చక్రం బురదలో దిగబడి తిరగడం లేదనుకోండి, ఆఫ్ చేస్తే బయటపడొచ్చు. బయటికి రాగానే ఆన్ చేసేయండి.

హెడ్‌లైట్ బొమ్మ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం ఎందుకు?

అందరూ వదిలేసే బటన్ అది. నాకు మాత్రం బాగా ఇష్టమైనది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు నింపితే వెనక భాగం కిందికి దిగి ముందు భాగం పైకి లేస్తుంది. మీ డిప్ లైటు కూడా పైకి లేచి ఎదురు బండి డ్రైవరు కళ్లలో పడుతుంది. మీరు లో బీమ్‌లోనే ఉన్నారు, అయినా ఎదుటివాళ్లు పదేపదే డిప్పర్ కొడుతుంటారు. అంకె పెంచేకొద్దీ లైటు కిందికి దిగుతుంది. ఒక్కరే ఉంటే 0, బండి నిండితే 2 లేదా 3. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే రాత్రి 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రతి కారులో ఈ చక్రం తిరిగి ఉంటే ఎంత బాగుండేదో.

అన్నట్టు, పొగమంచు లేని చోట ఫాగ్ లైట్లు, నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లు వేసుకోవద్దు. జంక్షన్‌లో నేరుగా వెళ్లడానికి హజార్డ్ వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఒక పక్క నుంచి చూసేవాళ్లకు ఒక్క ఇండికేటరే కనిపించి మీరు తిరుగుతున్నారనుకుంటారు. హజార్డ్ ఆగిన బండి కోసం.

ఏసీ 18లో పెట్టినా ఎండలో నిలిపిన కారు చల్లబడటం లేదు. గ్యాస్ అయిపోయిందా?

గ్యాస్ అనే అనుమానం అందరికీ ముందే వస్తుంది. మొదట వాడకం సరిచూడండి. ఎండలో ఉన్న కారు లోపలి గాలి బయటి గాలి కంటే చాలా వేడి. నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆ వేడి పోనివ్వండి. తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కండి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉండేది అదే. మాన్యువల్ ఏసీలో టెంపరేచర్ నాబ్ పూర్తిగా నీలం వైపే ఉండాలి. అది కొంచెం ఎరుపు వైపు జరిగినా చల్లగాలిలో ఇంజిన్ వేడి కలుస్తుంది. ఏసీ పాడైందని వచ్చిన బండ్లలో పిల్లలు తిప్పేసిన నాబే కారణమైన సందర్భాలు మాకు కొత్త కాదు. ఆటోమేటిక్ ఏసీలో 24 బదులు 18 పెట్టినందువల్ల చల్లదనం త్వరగా రాదు, ఎక్కడ ఆగాలన్నదే మారుతుంది. ఇవన్నీ చేసినా చల్లబడకపోతే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూపించండి.

లోపలి గాలి బటన్‌ను గంటల తరబడి వదిలేయొద్దు. అయిదుగురు ఊపిరి తీసే కారులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తు కమ్ముతుంది. డ్రైవరు ఆవులింతకు భోజనమే కారణమనుకుంటాం. అరగంటకోసారి కాసేపు బయటి గాలి తెరవండి. ముందు పొగ కక్కే లారీ ఉంటే తిరిగి మూసేయండి.

ఆపిన కారులో ఏసీ వేసుకుని నిద్రపోవచ్చా?

వద్దు. మూసిన గ్యారేజీలోనైతే అసలే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మెలకువ రాదు.

వానలో అద్దం మసకబారుతోంది. తుడిచినా మళ్లీ పడుతోంది?

ముందు వేలితో రాసి చూడండి, ఆవిరి లోపల ఉందా, బయట ఉందా అని. వానాకాలంలో ఎక్కువగా లోపలే ఉంటుంది. ఏసీ ఆన్ చేసి, బయటి గాలి తెరిచి, అద్దం మీదికి గాలి వచ్చే బటన్ నొక్కండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ కొంచెం కలిపితే ఇంకా త్వరగా పోతుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో ఏసీ బాగా చల్లగా పెట్టుకుంటే బయటి వైపు మసక వస్తుంది. అప్పుడు వైపర్ వేసి, ఏసీని కొంచెం తగ్గించి, గాలిని అద్దం వైపు నుంచి మళ్లించాలి.

వెనక అద్దం మీద కనిపించే సన్నటి నారింజ గీతలే వెనక డీఫాగర్. వాటి మీద దేవుడి పేరో, పిల్లల పేర్లో అతికించి, రెండేళ్ల తర్వాత స్టిక్కరు గోటితో లాగితే జిగురుతో పాటు గీత కూడా పోగులా ఊడి వస్తుంది. తెగిన గీత దగ్గర ఆవిరి ఇక పోదు. స్టిక్కరు అతికించాలనుకుంటే గీతలు లేని చోట పెట్టండి.

స్మార్ట్ కీ దగ్గరే ఉంది, స్టార్ట్ బటన్ పనిచేయడం లేదు?

కీలోని చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా కార్లలో కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేకు తొక్కి నొక్కితే స్టార్ట్ అవుతుంది. డోరు తెరవడానికి కీ లోపలే మామూలు తాళంచెవి దాగి ఉంటుంది. చాలా కీలలో సీఆర్2032 బ్యాటరీ పడుతుంది, గడియారాల షాపులో దొరుకుతుంది.

పెట్రోల్ మీటరులో పంపు బొమ్మ పక్కన చిన్న బాణం ఎందుకు?

ట్యాంకు మూత ఏ వైపుందో చెబుతుంది. వానలో తప్పు వైపు ఆపి తడిసిన ఫోర్డ్ ఉద్యోగి జిమ్ మోయ్‌లన్ 1986లో ఈ ఆలోచన రాసిచ్చారు, 1989 మోడళ్ల నుంచి కార్లలో కనిపించింది.

ఘాట్ దిగేటప్పుడు ఆటోమేటిక్ కారులో డీలో ఉంచితే చాలా?

చాలదు. తిరుమల నుంచి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి, కాలిన వాసన వస్తుంది. ఎల్, ఎస్, లేదా మాన్యువల్ మోడ్‌కు మార్చి తక్కువ గేరులో ఇంజిన్‌తో పట్టుకోండి. బ్రేకును ఆపి ఆపి వేయండి.

క్రూజ్ కంట్రోల్, లేన్ అసిస్ట్ ఉన్నాయి. మన రోడ్ల మీద నమ్మొచ్చా?

ఒకే వేగం నిలిపే క్రూజ్, గీతల మధ్య బండిని ఉంచే లేన్ అసిస్ట్ హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డులాంటి చోట బాగానే ఉంటాయి. గీతలు చెరిగిన రాష్ట్ర రహదారి మీద లేన్ అసిస్ట్ తికమకపడుతుంది, గేదెల మంద అడ్డొస్తే ఇంకా. తడి రోడ్డు మీద క్రూజ్ వాడకండి. వీటి హెచ్చరిక లైటు వెలిగితే కెమెరాకో, రాడార్‌కో అడ్డం ఏముందో చూడండి. ముందు అద్దం వెనక కెమెరాకు అడ్డంగా ఫాస్టాగ్ అతికించడం, ఆయుధపూజ పూలదండ బంపర్ రాడార్ మీద వేలాడటం వంటివి సరిపోతాయి. అద్దం మార్పించుకుంటే కెమెరాను మళ్లీ సరిచేయించాలి.

వరద నీళ్లు చేరిన కారు. కీ ఆన్ చేసి లైట్లు చూడొచ్చా?

కీ ముట్టుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పటి లాంటి పరిస్థితుల్లో బండి చెడేది మునిగినందువల్ల కొంత, నీళ్లు దిగాక సెల్ఫ్ కొట్టినందువల్ల ఇంకొంత. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి టోయింగ్ పిలవండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాం. డ్యాష్‌బోర్డులో ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, ఫోన్‌తో వీడియో తీయండి. ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఒక్కొక్కటీ వెలిగాయా? ఎయిర్‌బ్యాగ్ లైటు రాకపోయినా, ఇంకో లైటుతో జతగా ఆరిపోతున్నా ప్రమాదంలో పేలిన బ్యాగ్ మార్చకుండా దాచారేమో. స్టార్ట్ చేశాక ఏ లైటు ఎంతసేపు మిగిలిందో చూడండి. తర్వాత స్కానర్ పెట్టించండి. కోడ్ ఒక్కటీ లేకపోయినా, "పరీక్షలు పూర్తి కాలేదు" అని చూపిస్తే నిన్నో మొన్నో చెరిపారని అనుమానించాలి. అలాంటి బండిని యాభై అరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ స్కాన్ చేశాకే అడ్వాన్స్ ఇవ్వండి. స్టీరింగ్, పెడల్ రబ్బర్లు అరిగిపోయి ఓడోమీటర్ మాత్రం ముప్పై వేలే చూపిస్తుంటే సర్వీసు రికార్డులు అడగండి. రికార్డులు లేవంటే వేరే బండి చూసుకోండి.